అమ్మ ఉంటున్న హోమ్‌లో అటెండెంట్ల సేవ: మూడేళ్లు చూశాక

2021 అక్టోబరులో అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నది మాత్రం బయటికి రాదు. "ఊఁ", "వద్దు", "అయ్యో", ఈ మూడే వస్తాయి. ఆరు నెలలు ఇంట్లోనే చూసుకున్నాం. ఆ ఆరు నెలల్లో ఐదుగురు అటెండెంట్లు మారారు, ఎత్తీ దించీ నా నడుం పోయింది. 2022 మేలో హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక హోమ్‌లో చేర్చాం. ముప్ఫై మంది పెద్దవాళ్లు ఉంటారు అక్కడ.

గదులు, తోట, వంట గురించి నేను రాయడం లేదు, అవి వెళ్లి చూస్తే తెలిసిపోతాయి. పొద్దున లేచిన దగ్గర్నుంచి అమ్మ ఒంటి మీద చెయ్యి వేసే మనుషుల సంగతే నాకు ముఖ్యం. మందులు, ఇంజెక్షన్లు, బీపీ, షుగర్ చూడడం నర్సుల పని. పళ్లు తోమించడం, నీళ్లు పోయడం, జడ వేయడం, బట్టలు మార్చడం, తినిపించడం, బాత్రూంకి తీసుకెళ్లడం, మంచం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం, ఇదంతా అటెండెంట్లది. వాళ్లలో కొందరు జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని, రోగుల్ని చూసుకోవడం నేర్పే కోర్సు చేసి వచ్చారు, కొందరు పనిలోనే నేర్చుకున్నారు.

మొదటి నెలలో ఒకరోజు పొద్దున ఆరున్నరకే వెళ్లి స్నానం చేయించడం చూశాను. ఆ అమ్మాయిది శ్రీకాకుళం జిల్లా, పాతికేళ్లుంటాయేమో. తలుపు వేసి, కర్టెన్ లాగి, "అమ్మమ్మా, నీళ్లు పోసుకుందామా?" అని అడిగి, అమ్మ "ఊఁ" అనేదాకా ఆగింది. నీళ్ల వేడి ముందు తన మోచేతి మీద చూసుకుంది, తర్వాత అమ్మ ఎడమ చేతి మీద కొంచెం పోసింది. కుడి చేతికి స్పర్శ సరిగా లేదు కాబట్టి ఆ వైపు కాలినా అమ్మకు తెలియదు. ఇంట్లో ఆరు నెలలూ నేను కుడి చేతి మీద పోసి చూసేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

తువ్వాలు మొత్తం తీసేయకుండా, కడుగుతున్న చోటు మాత్రమే తీసి, కడగ్గానే కప్పేసింది. ముఖం, చేతులు, ఛాతీ, కాళ్లు, వీపు, చివరగా కింది భాగం, దానికి వేరే గుడ్డ. ముందు నుంచి వెనక్కే తుడవాలి, వెనక నుంచి ముందుకు తుడిస్తే యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంటుందని నాకు చెప్పింది. రొమ్ముల కింద, తొడల మడతల్లో తడి ఉండకుండా రుద్దకుండా అద్దింది. నేను తెచ్చిన పౌడరు డబ్బా పక్కన పెట్టేసింది, మడతల్లో ఉండకట్టి ఒరుస్తుందట.

ముఖం కడిగేటప్పుడు తడిగుడ్డ అమ్మ ఎడమ చేతిలో పెట్టి నిలబడింది. అమ్మ తన ముఖం తాను తుడుచుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. నేనైతే అర నిమిషంలో తుడిచేసేదాన్ని, అదే ప్రేమ అనుకునేదాన్ని. ఆరు నెలల తర్వాత అమ్మ చెంచా కూడా ఎడమ చేత్తో పట్టుకుంది. మంచి అటెండెంటుకీ, పని అయిపోతే చాలనుకునే అటెండెంటుకీ తేడా నాకు ఆ ఐదు నిమిషాల్లో తెలిసింది. ఇప్పుడు కొత్తవాళ్లు ఎవరొచ్చినా ముందు అదే చూస్తాను.

జాకెట్టు వేసేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, తీసేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. ఇంత చిన్న విషయం తెలియక నేను కుడి చెయ్యి లాగేదాన్ని, అమ్మ "అయ్యో" అనేది. ఇక్కడ బట్టలు మార్చేటప్పుడు ఆ మాట దాదాపు వినపడదు.

తినిపించడం కూడా బాగా చేస్తారు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచమని చెప్పి, చిన్న చెంచాతో పెడతారు. మింగిందాకా రెండో చెంచా పెట్టరు. కుడి బుగ్గలో మెతుకులు నిలిచిపోతాయి కాబట్టి చివర్లో నోరు చూస్తారు, తిన్నాక అరగంట పడుకోనివ్వరు. నిలబడి కాకుండా ఎదురుగా కూర్చుని పెట్టడం నాకు చాలా నచ్చింది.

ఇక బాధపడ్డ సంగతులు. పళ్ల సెట్టు ఒకసారి దుప్పట్లో చుట్టుకుని లాండ్రీకి పోయింది, కొత్తది వచ్చేదాకా రెండు నెలలు అమ్మ జావ తాగింది. అది పొరపాటు, సర్దుకున్నాను.

2024 సంక్రాంతి మాత్రం మరిచిపోలేను. సగం మంది ఊళ్లకు వెళ్లారు, రాత్రి డ్యూటీకి తాత్కాలికంగా ఎవరినో పెట్టారు. ఒకే చోట ఒత్తిడి పడి పుండ్లు రాకుండా అమ్మను రెండు గంటలకోసారి ఇంకో పక్కకు తిప్పాలి. చార్టులో అన్ని గంటలకూ సంతకాలున్నాయి, అన్నీ ఒకేసారి పెట్టినట్టు. కనుమ నాడు వెళ్లి చూస్తే నడుం కింద, తోక ఎముక మీద రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కి తీస్తే తెల్లబడలేదు. అలా ఉంటే పుండు మొదలైనట్టే. మూడు రోజుల్లో చర్మం చిట్లింది, మానడానికి ఏడు వారాలు పట్టింది. "పెద్దవాళ్ల చర్మం అంతేనండీ" అన్నారు ముందు. నేను ఒప్పుకోలేదు. నోరు లేని మనిషికి నొప్పి తెలియదనుకుంటే ఎలా? గట్టిగా అడిగాక గాలి పరుపు వేశారు, రాత్రి ఇద్దరికి బదులు ముగ్గురిని పెట్టారు. చార్టు మంచం దగ్గరే వేలాడుతోంది, ఏ వైపు తిప్పారో కూడా రాస్తున్నారు.

డైపర్ విషయంలోనూ పోట్లాడాను. బాత్రూం వస్తే అమ్మ మంచం కమ్మీ మీద తడుతుంది. వాళ్లకు తీరిక లేక "డైపర్ ఉంది కదా అమ్మమ్మా" అనేవాళ్లు. లేవగానే, టిఫిన్ అయ్యాక, పదకొండింటికి, భోజనం తర్వాత, సాయంత్రం, పడుకునే ముందు కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టమని టైములు రాసిచ్చాను. రోజుకు ఐదు డైపర్లు పోయేవి, ఇప్పుడు రెండే. అంతకన్నా, అమ్మ ముఖంలో ఆ సిగ్గు పోయింది.

మూడేళ్లలో అమ్మ దగ్గర పదకొండు మంది మారారు. చేసే చాకిరీకి వాళ్లకు వచ్చే జీతం తక్కువ, నిలబడరు. ఆ శ్రీకాకుళం అమ్మాయి కూడా పోయిన ఏడాది పెళ్లయి వెళ్లిపోయింది. అందుకే బీరువా తలుపు లోపల ఒక కాగితం అంటించాను: కుడి వైపు స్పర్శ లేదు, గుడ్డ ఎడమ చేతికి ఇవ్వండి, పళ్ల సెట్టు రాత్రి నీళ్ల డబ్బాలో, తడితే బాత్రూం అని అర్థం, శుక్రవారం తలకు పోసి చీర కట్టండి, బొట్టు మరవకండి, స్నానానికి ఆడవాళ్లే.

మీ వాళ్లను చేర్చాలనుకుంటే సాయంత్రం నాలుగింటికి వెళ్లి చూడకండి, అప్పుడు అందరూ తలలు దువ్వుకుని కూర్చుని ఉంటారు. పొద్దున ఆరున్నరకు ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి రానిస్తారేమో అడగండి. రాత్రి ఎంతమందికి ఒక అటెండెంటో అడగండి.

వచ్చే నెల నుంచి ఫీజు నాలుగు వేలు పెంచుతున్నారు. రాత్రి ముగ్గురిని, పండగలకు కూడా, కొనసాగిస్తామని కాగితం మీద రాయించుకుని కట్టాను.