పద వైవిధ్యాన్ని కొలిచే వోక్‌డీ: కొన్నేళ్ల వాడకం తర్వాత

తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీలో చేరిన పిల్లలకు ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పుతాను. వాళ్ల పదసంపద పెరుగుతోందో లేదో కేవలం విని తేల్చడం నాకెప్పుడూ తృప్తినివ్వలేదు. అందుకే కొన్నేళ్లుగా వాళ్ల మాటలను రికార్డు చేసి, అక్షరబద్ధం చేసి, మాటల రాతప్రతులను విశ్లేషించే క్లాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలోని వోక్‌డీతో కొలుస్తున్నాను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయాన్ మాక్‌విన్నీ నెలకొల్పిన టాక్‌బ్యాంక్ అనే మాటల రికార్డుల భండారం ఈ ప్రోగ్రాంను ఉచితంగా ఇస్తుంది.

అందరూ మొదట పట్టుకునేది టీటీఆర్, అంటే మొత్తం మాటల్లో వేర్వేరు మాటల నిష్పత్తి. జంకుతూ 60 మాటలతో ముగించిన అబ్బాయి అందులో 40 వేర్వేరు మాటలు వాడితే 0.67 వస్తుంది. ధైర్యంగా 300 మాటలు మాట్లాడిన అమ్మాయి 120 వేర్వేరు మాటలు వాడినా 0.40 దగ్గరే ఆగిపోతుంది. మాట సాగేకొద్దీ 'ది', 'ఐ', 'అండ్' మళ్లీ మళ్లీ రాక తప్పదు. నోరు విప్పిన పిల్లలకు శిక్ష వేసే ఈ కొలతను తరగతి గదిలోకి రానివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

వోక్‌డీ ఈ చిక్కును చాలావరకు విప్పుతుంది. రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మాల్వర్న్, బ్రయాన్ రిచర్డ్స్ అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. 35 నుంచి 50 మాటల వరకు ఒక్కో పరిమాణానికి 100 నమూనాలను యాదృచ్ఛికంగా తీస్తుంది. వాటి సగటు టీటీఆర్‌లతో గీసిన రేఖకు సరిపోయే 'డి' విలువను వెతుకుతుంది; 'డి' ఎంత పెద్దదైతే పద వైవిధ్యం అంత ఎక్కువ. ఇదంతా మూడుసార్లు చేసి సగటు ఇస్తుంది. నమూనాలు ప్రతిసారీ మారతాయి కాబట్టి అదే ఫైలును మళ్లీ నడిపితే కొద్ది తేడా కనిపిస్తుంది, కంగారు పడనక్కర్లేదు. 50 మాటలైనా లేకపోతే లెక్క కట్టదు. నేనైతే అంతకు రెండు మూడు రెట్లు ఉంటే తప్ప ఆ అంకెను నమ్మను.

అసలు శ్రమంతా అక్షరబద్ధం చేయడంలోనే ఉంది. మా పిల్లల మాట ఇలా సాగుతుంది: "మై ఫాదర్, అంటే, హి హి ఈజ్ ఫార్మర్, హి గో, హి గోస్ టు ఫీల్డ్." ఆ 'అంటే'కు గుర్తు పెట్టకపోతే అదీ ఒక ఇంగ్లీషు పదంగా లెక్కలో చేరుతుంది. తడబడి రెండుసార్లు అన్న 'హి', దిద్దుకున్న 'గో' ఉండాలో వద్దో ముందే నిర్ణయించుకుని ఆదేశంలో చెప్పాలి. 'గో', 'గోస్', 'వెంట్' ఒకే పదమా, మూడా అన్నదీ అంతే. ఏ నిర్ణయమైనా సరే, ఏడాది మధ్యలో మార్చకూడదు. అయిదు నిమిషాల మాటకు ఒక సాయంత్రం పట్టినా ఈ పనిని తొందరగా ముగించను. పిల్లలు ఎక్కడ తడుముకుంటున్నారో నాకు తెలిసేది అక్కడే.

మాట నిడివి ప్రభావం 'డి' మీద కూడా కొంత ఉందని భాషా పరిశోధకులు ఫిలిప్ మెకార్తీ, స్కాట్ జార్విస్ చూపించారు. వాళ్లు 2010లో సమర్థించిన ఎంటీఎల్‌డీ అనే మరో పద వైవిధ్య కొలతను కూడా తోడుగా వాడతాను. టీటీఆర్ 0.72కు పడిపోయిన ప్రతిసారీ ఒక విభాగం పూర్తయినట్టు లెక్క, అక్కడి నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. విభాగాల సగటు నిడివే ఎంటీఎల్‌డీ విలువ. 240 మాటల్లో 4 విభాగాలు వస్తే విలువ 60. రెండు కొలతలూ ఒకే దిశలో కదిలితేనే పిల్లలు ఎదిగారని రాసుకుంటాను.

విషయం మారితే అంకె మారుతుంది. సంక్రాంతి గురించి చెప్పిన మాటను బొమ్మ చూసి చెప్పిన కథతో పోల్చకండి. పైగా 'డి'కి పదం అరుదైనదా, సరైనదా అన్న పట్టింపు లేదు. 'కేమ్'కు బదులు 'కమ్డ్' అన్నా కొత్త పదమే. అందుకే దీన్ని మార్కులుగా మార్చమని అడిగిన ప్రతిసారీ కుదరదనే చెప్పాను.

తెలుగు నేర్చుకునే ఇతర భాషల వాళ్లకు వాడదలిస్తే ఇంకా జాగ్రత్త అవసరం. 'ఇల్లు', 'ఇంటికి', 'ఇంట్లో' మూడు పదాలై కూర్చుంటాయి, 'డి' ఊరికే పెరిగిపోతుంది. ముందు ప్రత్యయాలను విడదీయండి. ఆ విలువను ఇంగ్లీషు విలువ పక్కన మాత్రం పెట్టకండి.