మా బ్లాకే ల్యాబ్: మీటర్లకు ఫుల్ మార్కులు, సెన్సర్లకు పాస్ మార్కులే

హనుమకొండలో మా ఇంజనీరింగ్ కాలేజీ పాత బ్లాకును 'లివింగ్ ల్యాబ్' చేస్తామని మొదలుపెట్టి కొన్నేళ్లయింది. అంటే పిల్లలు పాఠాలు వినే బిల్డింగ్‌కే మీటర్లు, సెన్సర్లు బిగించి, కరెంటు ఎక్కడ ఎంత పోతోందో వాళ్లతోనే తవ్వించడం. ఇండస్ట్రియల్ విజిట్ అంటే ఇన్నాళ్లూ చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ ప్లాంటుకో, రామగుండానికో బస్సు మాట్లాడుకుని పోయేవాళ్లం. కరెంటు పుట్టే చోటు చూసినవాళ్లే తప్ప ఖర్చయ్యే చోటు చూసినవాళ్లు లేరు. నా సీటు పై అంతస్తులో, కాబట్టి ప్రయోగాలన్నీ ముందు నా నెత్తి మీదే జరిగాయి.

అన్నింట్లోకీ పనికొచ్చినవి సబ్‌మీటర్లు. క్యాంపస్ మొత్తానికి ఒకటే హెచ్‌టీ (హై టెన్షన్) మీటర్ ఉన్నప్పుడు బిల్లు పెరిగిందంటే 'ఏసీలు తగ్గించండి' అని సర్క్యులర్ రావడం, అందరం సంతకం పెట్టడం, అంతే. అంతస్తుకొక మీటర్ పెట్టాక ముందు దొరికింది ఏసీలు కాదు, ఆదివారం రాత్రి లోడ్. గేటుకు తాళం వేసి ఉన్నా గ్రాఫ్ కిందికి దిగదే! ఫైనలియర్ పిల్లలు, మా ఎలక్ట్రీషియన్ కలిసి ఒక సెలవు రోజు ప్యానెల్ దగ్గర కూర్చుని, ఒక్కో ఎంసీబీ (సర్క్యూట్ బ్రేకర్ స్విచ్) దించుతూ, వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో రీడింగ్ రాసుకుంటూ పోతే, ఎవరూ తాగని నీళ్లను రాత్రంతా చల్లబరిచే వాటర్ కూలర్లు, లోడ్ లేకుండానే వేడెక్కే యూపీఎస్‌లు, షట్‌డౌన్ చేయకుండా వదిలేసిన కంప్యూటర్ ల్యాబ్ బయటపడ్డాయి. కూలర్లకు టైమర్లు పెట్టడం ఒక్కపూట పని.

ఫ్యాన్ల సంగతి చూస్తే, మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా తింటుంది, బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 చుట్టుపక్కల. ఎనిమిది ఫ్యాన్ల క్లాస్‌రూంలో 600 వాట్లు 240కి వచ్చాయన్నమాట. బాగుంది. కానీ ఆ రిమోట్లు ఇళ్లకు సరే, కాలేజీకి పనికిరావు. ఒకటి నొక్కితే పక్క ఫ్యాన్ కూడా వింటుంది, అది వెనక బెంచీ చేతిలో పడితే ఆ పీరియడ్ అయిపోయినట్టే. ఇప్పుడు రిమోట్లన్నీ హెచ్‌వోడీ బీరువాలో ఉన్నాయి.

ఇక లైట్లు వాటంతటవే వేసి ఆర్పే సెన్సర్లు. ఒంటి వేడి కదిలితే పసిగట్టే ఈ పీఐఆర్ సెన్సర్‌కు తెలిసేది కదలిక, మనిషి కాదు. కారిడార్‌లో, టాయిలెట్లలో పెట్టారా, బంగారం. ఇంటర్నల్ ఎగ్జామ్ హాల్లో మాత్రం అందరూ తల వంచి రాస్తుంటే టక్కున లైట్లు ఆరిపోయేవి, మా అటెండర్ తలుపు దగ్గర్నుంచే "సార్, జర చెయ్యి ఊపుండ్రి" అని అరిచేవాడు. ఆఖరికి క్లాస్‌రూంలలో వాటిని తీసేశాం.

డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ నాకు నచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది కదా. మన ఎండలకు స్లాబ్ పగలంతా వేడిని తాగి సాయంత్రం గదిలోకి కక్కుతుంది, అందుకే ల్యాబ్ అవర్స్ అయ్యే వేళకు ఫ్యాన్ గాలి కూడా సెగలా తగిలేది. పెయింట్ వేశాక ఆ సెగ బాగా తగ్గింది. అయితే వానాకాలం పాచికి, దుమ్ముకు తెలుపు మాసిపోతే ఎండను తిప్పికొట్టే గుణమూ తగ్గుతుంది, ఫిబ్రవరిలో కడిగించాల్సిందే. పైన పెట్టిన వెదర్ స్టేషన్ సంగతి అడగకండి, కోతులు కేబుళ్లతో సహా పీకేశాయి. ప్రాజెక్ట్ రిపోర్టులో కోతుల కాలమ్ లేదు మరి.

అనుకోకుండా దొరికిన లాభం సెమినార్ హాల్లోని కార్బన్ డయాక్సైడ్ సెన్సర్. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది, తాజా గాలి తేదు. బయట 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు) చుట్టూ ఉండేది, తలుపులేసి హాలు నిండా జనం కూర్చుంటే చూస్తుండగానే 1000 దాటుతుంది. మధ్యాహ్నం గెస్ట్ లెక్చర్లలో పిల్లలు కునుకు తీయడానికి భోజనం ఒక్కటే కారణం కాదని అప్పుడు తెలిసింది. ఏసీ 24 మీద పెట్టి, పైన ఒక ఎగ్జాస్ట్ నడిపిస్తున్నాం. కొంచెం కరెంటు ఎక్కువే అవుతుంది, అయినా కావాలి.

లాబీలో రోజంతా వెలిగే డ్యాష్‌బోర్డ్ టీవీ మాత్రం శుద్ధ దండగ, కాలేజీలకు అక్రిడిటేషన్ ఇచ్చే న్యాక్ టీం వచ్చినప్పుడు తప్ప ఎవరూ చూడరు. మీ కాలేజీలో పెట్టించుకునే పని అయితే, రీడింగులన్నీ మన సర్వర్‌లోనే పడాలని టెండర్‌లో ముందే రాయించుకోండి. మాకు మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ ముగియగానే కంపెనీవాళ్లు లాగిన్ ఆపేశారు, ఒక వేసవి మొత్తం రీడింగులు ఇప్పటికీ మా చేతికి రాలేదు.