పెద్ద పాలసీ ఒక్కటా, చిన్నదానికి సూపర్ టాపప్ జోడించాలా?

ఫ్రీలాన్సర్‌కి కంపెనీ ఇచ్చే గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ ఉండదు. 20 లక్షల కవర్ కావాలంటే అంతా ఒకే పాలసీగా కొనాలి, లేదా 5 లక్షల పాలసీ మీద 15 లక్షల సూపర్ టాపప్ పెట్టుకోవాలి.

రెండోది సాధారణంగా చవక. ఏడాది బిల్లుల మొత్తం డిడక్టిబుల్ (ముందుగా మనమో, చిన్న పాలసీయో భరించాల్సిన మొత్తం) దాటాకే సూపర్ టాపప్ డబ్బిస్తుంది మరి. డిడక్టిబుల్ 5 లక్షలు అనుకుందాం. ఒకే ఏడాదిలో 3 లక్షలు, 4 లక్షలు రెండు బిల్లులొస్తే, మొదటి 5 లక్షలు చిన్న పాలసీ, మిగతా 2 లక్షలు సూపర్ టాపప్ భరిస్తాయి. పేరు దగ్గరగా ఉందని మామూలు టాపప్ కొంటే దాన్నుంచి పైసా రాదు, అది ఏ బిల్లుకాబిల్లు విడిగా చూస్తుంది.

పెద్ద పాలసీలో ఒకటే క్లెయిమ్, ఒకటే కంపెనీ. రెండు కంపెనీలైతే ఒకచోట క్యాష్‌లెస్ అయ్యి, మిగతాది ముందు మనమే కట్టి రీయింబర్స్‌మెంట్ కోసం తిరగాల్సి రావచ్చు. క్లయింట్ డబ్బు ఆగిన నెలలో ఆ టెన్షన్ మామూలుగా ఉండదు!

నేనైతే రెండోదే తీసుకోమంటాను, రెండూ ఒకే కంపెనీలో, ఒకేసారి. షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకు కవర్ మొదలవడానికి వెయిటింగ్ 36 నెలల దాకా ఉండొచ్చు. అది ఏ పాలసీకాపాలసీ లెక్కే. ఆసుపత్రి గది అద్దె పరిమితి మాత్రం రెండింట్లోనూ చూడండి. వ్యక్తిగత పాలసీలకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు, పాత కోట్‌లతో పోల్చకండి.