నల్ల గోళీకి నాలుగు రంధ్రాలు: అణు నమూనాల పెట్టెపై ఒక సమీక్ష

పదో తరగతి కార్బన్ పాఠం దగ్గర మా అమ్మాయి తడబడుతోందని గత నెలలో అణు నమూనాల పెట్టె ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. అందులో కార్బన్‌కు నల్ల గోళీలు 12, హైడ్రోజన్‌కు తెల్లవి 20, ఆక్సిజన్‌కు ఎర్రవి, నైట్రోజన్‌కు నీలివి కొన్ని, వాటిని కలపడానికి బూడిదరంగు ప్లాస్టిక్ పుల్లలు ఉన్నాయి. ఈ రంగుల వాడుక 1865లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ లండన్‌లో క్రోకే ఆట బంతులతో చేసి చూపిన నమూనాల నాటిది. అయితే ఆయన చేసిన మీథేన్ (ఒక కార్బన్‌కు నాలుగు హైడ్రోజన్‌లున్న అణువు) బల్లపరుపుగానే ఉండేది.

పెట్టె విలువంతా ఆ నల్ల గోళీలోనే ఉంది. పుస్తకంలో మీథేన్‌ను కూడిక గుర్తులా గీస్తారు కనుక బంధాల మధ్య కోణం 90 డిగ్రీలని పిల్లలు అనుకోవడం సహజం. గోళీకి నాలుగు పుల్లలు గుచ్చి బల్ల మీద పెడితే మూడు పుల్లలు ముక్కాలి పీటలా నిలుస్తాయి, నాలుగోది నిటారుగా పైకి లేస్తుంది, ఎటు తిప్పి పెట్టినా అదే నిలకడ. కార్బన్ తన నాలుగు బాహ్య ఎలక్ట్రాన్‌లను పొరుగు పరమాణువులతో పంచుకుని ఎనిమిదిని పూర్తి చేసుకున్నప్పుడు, ఆ ఎలక్ట్రాన్ జంటలు ఒకదానికొకటి వీలైనంత ఎడంగా సర్దుకోవడం వల్ల వచ్చే 109.5 డిగ్రీల కోణమది. 1874లో రసాయన శాస్త్రవేత్తలు వాంట్ హాఫ్, లె బెల్ ఎవరికి వారుగా ప్రతిపాదించిన ఈ చతుర్ముఖి ఆకారం మా అమ్మాయి వేళ్లకు ఐదు నిమిషాల్లో అందింది.

మరునాడు ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఒకటైన అలనిన్ అణువులు రెండు కట్టాము. ఒకే కార్బన్‌కు అవే నాలుగు సమూహాలు తగిలించినా, ఒకటి రెండోదానికి అద్దంలోని ప్రతిబింబంలా వచ్చింది. ఆమె పావుగంటసేపు తిప్పి చూసినా అవి కుడి ఎడమ చెప్పుల్లా ఒకదానిపై ఒకటి కుదరలేదు. మన కణాలు ప్రొటీన్లను కట్టేటప్పుడు ఎడమచేతి వాటపు అలనిన్‌నే వాడుకుంటాయని చెప్పినప్పుడు ఆమె ముఖంలో కనిపించిన ఆశ్చర్యానికే పెట్టె ఖరీదు గిట్టుబాటైంది.

లోపాలూ ఉన్నాయి. ద్విబంధానికి (రెండు పరమాణువుల మధ్య జంట బంధానికి) ఇచ్చిన వంగే పుల్లలు పొడవైనవి కావడంతో, ఏకబంధంలోని 154 పికోమీటర్ల (పికోమీటర్ అంటే మీటరులో లక్ష కోట్లో వంతు) నుంచి 134కు దగ్గరపడవలసిన కార్బన్‌లు ఇందులో మరింత దూరం జరుగుతాయి. అంతకంటే పెద్ద లోటు, పుల్ల బంధాన్ని చూపుతుందే గాని దాని బలాన్ని చూపలేదు. సిలికాన్‌కూ చేతులు నాలుగే కదా, జీవం దానితో ఎందుకు ఏర్పడలేదని అమ్మాయి అడిగితే ఈ పెట్టె దగ్గర జవాబు లేదు. కార్బన్–కార్బన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 347 కిలోజౌళ్లు కావాలి, సిలికాన్–సిలికాన్‌కు 222 చాలు. అందుకే కార్బన్ కట్టినంత పొడవైన, నిలకడైన గొలుసులను సిలికాన్ కట్టలేదు. పైగా ఆక్సిజన్‌తో కలిస్తే కార్బన్ ఆకులు పీల్చుకోగల వాయువవుతుంది, సిలికాన్ మాత్రం ఇసుకై కూర్చుంటుంది.

రెండు వారాల వాడకానికే కొన్ని రంధ్రాలు వదులయ్యాయి. తెల్ల గోళీలు కూడా చాలవు. పది కార్బన్‌ల గొలుసుకు 22 హైడ్రోజన్‌లుండే డెకేన్‌కు రెండు తక్కువ పడగా, చపాతీ పిండి ఉండలతో సరిపెట్టాము. పదో తరగతి వరకైతే ఈ పెట్టె కొనవచ్చు. ఇంటర్ ఆర్గానిక్ కెమిస్ట్రీ దాకా వాడదలచినవారు 40 తెల్ల గోళీలకు తగ్గనిది, ద్విబంధానికి పొట్టి పుల్లలు ఇచ్చేది వెతుక్కోవడం మేలు.