సున్నా వడ్డీ కార్డు మాట నిలుపుకుంది, క్రెడిట్ రిపోర్టు సగమే చెప్పింది

ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటూ, కొనుగోళ్లపై రెండేళ్లు వడ్డీ పడని క్రెడిట్ కార్డును 2022 చివర్లో తీసుకుని, గడువు తీరేదాకా వాడినవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. కార్డు మీద నాకు ఫిర్యాదు లేదు. చెప్పినట్టే ఒక్క పెన్నీ వడ్డీ పడలేదు. నెలనెలా కనీస మొత్తం మాత్రమే కట్టిన సంగతి నా క్రెడిట్ రిపోర్టులోకి, అంటే మన అప్పులు, వాటి చెల్లింపుల చరిత్ర చూపే నివేదికలోకి, ఎలా ఎక్కిందన్న దాని మీదే నాకు కోపం, అది ఇప్పటికీ తగ్గలేదు. దరఖాస్తు ఎలా చేయాలి, లిమిట్ ఎంత ఇస్తారు వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోకుండా ఆ ఒక్క విషయమే వివరంగా రాస్తాను.

కనీస చెల్లింపుతో సరిపెట్టడం మేము కావాలని చేసిన పనే. కొత్తగా అద్దెకు దిగిన ఇంటికి సోఫా, మంచాలు, వాషింగ్ మెషీన్, పాప చదువుకు ల్యాప్‌టాప్ కలిపి సుమారు 4,000 పౌండ్లు కార్డు మీద పెట్టాము. అంత డబ్బూ మా దగ్గర ఉంది. అయితే 2021 డిసెంబరు దాకా 0.1 శాతంగా ఉన్న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు 2023 ఆగస్టుకల్లా 5.25 శాతానికి చేరింది, సేవింగ్స్ ఖాతాలు దాదాపు 5 శాతం ఇవ్వసాగాయి. వడ్డీ లేని అప్పును తొందరపడి తీర్చి, వడ్డీ తెచ్చే డబ్బును ఖాళీ చేసుకోవడంలో అర్థం కనిపించలేదు. కార్డు అడిగే కనీసం బాకీలో 1 శాతం, అంటే మొదట్లో నెలకు 40 పౌండ్లు. దాన్ని డైరెక్ట్ డెబిట్‌లో, అంటే బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా దానంతటదే పోయేలా, పెట్టాము. ఒక్క నెల తప్పినా సాధారణంగా 12 పౌండ్ల జరిమానా పడుతుంది, పైగా సున్నా వడ్డీ ఆఫరే రద్దు కావచ్చు, ఆ తప్పిన గుర్తు రిపోర్టులో ఆరేళ్లు ఉంటుంది కాబట్టి ఈ ఏర్పాటు లేకుండా ఇటువంటి కార్డు ఎవరూ పెట్టుకోకూడదు.

2024 మొదట్లో ఇల్లు కొనడానికి మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) బ్రోకరు దగ్గరికి వెళ్లినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆయన మనవారే, గుంటూరు వైపు మనిషి. నా రిపోర్టులో ఈ కార్డు ఖాతాను తెరచి చూపించారు. పైన నెలలవారీ గడులన్నీ పచ్చగా ఉన్నాయి, ఎక్కడా ఆలస్యం లేదు. వాటి కింద ప్రతి నెలకూ ఎంత కట్టామో రాసి ఉంది, దాని పక్కన ‘కనీస చెల్లింపు: అవును’ అని, ఇంకో గడిలో ‘ఆఫర్ రేటు: కాదు’ అని ఉన్నాయి. ఆయన తలెత్తి, “వరుసగా కనీసమే కడుతున్నారు కదండీ, చేతిలో డబ్బు ఆడడం లేదా?” అని అడిగారు. సేవింగ్స్ ఖాతా చూపిస్తే ఆయనకు వెంటనే అర్థమైంది. అయితే అప్పు ఇచ్చే సంస్థ మన మొహం చూడదు, ఆ గడులే చూస్తుంది.

ఇక్కడి పద్ధతి ఇది. కార్డు సంస్థలు బాకీ ఎంత, సమయానికి కట్టారా అన్నవే కాక, కట్టినది కనీసమేనా, ఖాతా ఆఫర్ రేటు మీద నడుస్తోందా, కార్డుతో నగదు తీశారా అన్న వివరాలను కూడా ఈ రిపోర్టులు తయారుచేసే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ సంస్థలకు పంపుతుంటాయి. కనీస చెల్లింపు గుర్తు పక్కన ఆఫర్ గుర్తు ఉంటే, వడ్డీ లేదు కాబట్టి తొందరపడలేదని చదివేవారికి తెలుస్తుంది. అది లేకపోతే అదే వరుస, వడ్డీ పెరుగుతున్నా కట్టలేక ఈడ్చుకొస్తున్న మనిషి వరుసలా కనిపిస్తుంది. మా కార్డు సంస్థ మొదటి గుర్తును మాత్రం ఒక్క నెలా తప్పకుండా పంపింది. రెండో గుర్తును అసలు పంపనే లేదు. 2018 నుంచి ఈ రిపోర్టులు ఉచితమే కనుక మూడూ తెప్పించి చూశాను, ఆ గడి ఉన్న చోటల్లా ‘కాదు’ అనే ఉంది.

నన్ను ఎక్కువ బాధించినది మరొకటుంది. ఇక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, 18 నెలల కాలంలో అసలుకు కట్టిన దానికన్నా వడ్డీకి, చార్జీలకు ఎక్కువ కట్టినవారినే దీర్ఘకాలపు అప్పులో ఇరుక్కున్నవారిగా చూడాలి. సున్నా వడ్డీ కార్డులో కట్టిన ప్రతి పెన్నీ అసలుకే పోతుంది. నియంత్రణ సంస్థ లెక్కలో ఇబ్బంది కాని దానిని రిపోర్టులో ఒక గడి నింపకపోవడం ఇబ్బందిగా మార్చేసింది.

మార్ట్‌గేజ్ సంస్థ వివరణ లేఖ అడిగింది, తరువాత సేవింగ్స్ స్టేట్‌మెంట్లు అడిగింది. ఈ లోపు మేము ముందుగా చూసుకున్న రేటు గడువు దాటిపోయింది, కొత్తది కాస్త ఎక్కువే. నేను రిపోర్టు సంస్థల దగ్గర అభ్యంతరం నమోదు చేశాను, వారు దాన్ని కార్డు సంస్థకు పంపి 28 రోజుల్లో జవాబు చెప్పాలి. రిపోర్టుకు 200 పదాలు మించని వివరణను మనమే జతచేసుకునే హక్కు 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టంలోనే ఉంది. కానీ అది జతచేస్తే దరఖాస్తును కంప్యూటరుకు బదులు మనిషి కూర్చుని చదవాలి కాబట్టి ఇంకా ఆలస్యమవుతుందని బ్రోకరు వద్దన్నారు. చివరికి పనిచేసింది కార్డు సంస్థకు నేరుగా ఇచ్చిన రాతపూర్వక ఫిర్యాదే. ఎనిమిది వారాల్లో తుది జవాబు రాకపోతే ఇటువంటి ఫిర్యాదులు విచారించే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు, ఆ మాట లేఖలో రాశాను. వారు తప్పు ఒప్పుకుని వెనకటి నెలలతో సహా సరిదిద్దారు, అప్పటికి మా మార్ట్‌గేజ్ నిర్ణయం అయిపోయింది.

న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. ఆ గుర్తు సరిగా ఉన్నా మాకు కొంత నష్టం జరిగేదే. అప్పటికి కార్డు బాకీ దాదాపు 3,440 పౌండ్లు, నెలకు కనీసం 34. మార్ట్‌గేజ్ సంస్థ మాత్రం ఆ 34ను పట్టించుకోకుండా, బాకీలో 3 శాతం చొప్పున నెలకు 103 పౌండ్ల భారంగా లెక్కగట్టి, ఆ మేరకు అప్పు తగ్గించింది. 5,000 లిమిట్‌లో మూడింట రెండు వంతులు వాడుకలో ఉండడం కూడా మంచిగా కనిపించదు. సేవింగ్స్‌లో ఏడాదికి వచ్చిన సుమారు 180 పౌండ్ల వడ్డీని వీటి పక్కన పెడితే, పైన నేను అంత ధీమాగా చెప్పిన లాభం చాలావరకు కరిగిపోతుంది. పైగా కనీసం బాకీలో శాతం కాబట్టి బాకీ తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. 4,000తో మొదలుపెట్టి 1 శాతమే కడుతూ పోతే 24 నెలల తరువాత కూడా 3,140 పౌండ్లకు పైగా మిగులుతుంది. ఆ రోజున చేతిలో డబ్బు లేనివారికి, కార్డు మామూలు వడ్డీ 24.9 శాతమైతే, నెలకు 65 పౌండ్ల దాకా వడ్డీ మొదలవుతుంది. మా డబ్బు ఖాతాలో ఉంది కనుక గడువుకు ముందే మొత్తం తీర్చేశాము.

మార్ట్‌గేజ్ తరువాత డైరెక్ట్ డెబిట్‌ను కనీసం నుంచి నెలకు 100 పౌండ్ల స్థిర మొత్తానికి మార్చాను. ఆపై నెలల్లో ‘కనీస చెల్లింపు’ గడి ‘కాదు’ అని మారింది. కనీసం కన్నా కాస్త ఎక్కువ కట్టినా ఆ గుర్తు పడదు.

ఇల్లు కొనే ఆలోచన దగ్గర్లో లేకుండా, బాకీకి సరిపడా డబ్బు విడిగా దాచుకున్నవారికి ఇటువంటి కార్డు మంచిదనే ఇప్పటికీ అంటాను, నెలనెలా రిపోర్టులో ఆఫర్ గుర్తు ఉందో లేదో చూసుకునే ఓపిక ఉంటే. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో కొత్తగా వచ్చినవారికి మాత్రం అంత గట్టిగా చెప్పలేను. అక్కడి సిబిల్ ట్రాన్స్‌యూనియన్‌కు చెందినదే అయినా అక్కడి చరిత్ర దానంతటది ఇక్కడికి రాదు. రిపోర్టులో ఖాతాలే తక్కువగా ఉన్నప్పుడు ఒక్కో గుర్తు ఎక్కువ బరువుగా పడుతుంది. వారు చిరునామా రుజువయ్యేలా ముందుగా ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకోవడం మేలు. కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడ ఉంటున్న భారతీయులకు ఆ హక్కు ఉంది, మా రిపోర్టుకు అది ఈ కార్డు కన్నా ఎక్కువ ఉపయోగపడింది. మా మార్ట్‌గేజ్ స్థిర రేటు కొన్నేళ్లలో ముగుస్తుంది, మళ్లీ అదే పరిశీలన జరుగుతుంది కాబట్టి అప్పటిదాకా నేనైతే సున్నా వడ్డీ కార్డు తీసుకున్నా, కనీస చెల్లింపు మాత్రం పెట్టుకోను.