మాస్టర్ వీవరా, సొసైటీనా, సొంత వార్పా: ఏది మేలు?

అబ్బాయి డిగ్రీ అయిపోయింది, హైదరాబాద్‌లో చిన్నాచితకా పనులు చేసి విసిగిపోయాడు, మళ్లీ మగ్గం మీద కూర్చుంటానంటున్నాడు, ఎవరి దగ్గర పెట్టమంటారు? పోచంపల్లి, పుట్టపాక వైపు నుంచి ఈ ప్రశ్న ఈమధ్య తరచూ వస్తోంది. అడిగేది ఎక్కువగా తండ్రులు. అసలు అడుగుతున్నందుకే నాకు సంతోషం. 2009-10 లెక్కల్లో దేశం మొత్తం మీద 43 లక్షలకు పైగా ఉన్న చేనేత కార్మికులు 2019-20 నాటికి 35 లక్షలకు తగ్గారు. ఇక్కత్ (నూలుకే ముందుగా డిజైన్ రంగులద్ది నేసే పని) ఊళ్లలో ఏ ఇంట్లోకి తొంగిచూసినా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లలో యాభై దాటినవాళ్లే ఎక్కువ.

మాస్టర్ వీవర్ అంటే సరుకిచ్చి కూలికి నేయించుకునే ఆసామి. ఆయన దగ్గరైతే పెట్టుబడి టెన్షన్ లేదు. పట్టు ఆయనది, రంగులు ఆయనవి, డిజైన్ ఆయనది. వార్పు (ఒకసారి మగ్గానికి ఎక్కించే పడుగు, అందులో కొన్ని చీరలొస్తాయి) దించితే కూలి చేతికొస్తుంది, చీర అమ్ముడుపోయిందా లేదా అన్నది మనకు పట్టదు. పెళ్లికో ఆసుపత్రికో అడ్వాన్సు కూడా ఇస్తాడు. అది తీరేదాకా ఇంకొకరి వార్పు ముట్టుకోలేం, అదే చిక్కు. ఇంట్లో ఆడవాళ్ల కష్టం కూడా ఆ ఒక్క కూలిలోనే కలిసిపోతుంది. చింతకింది మల్లేశం గారి యంత్రం వచ్చాక చీరకు నాలుగైదు గంటలు పట్టే ఆసు పని (నూలును మేకుల చుట్టూ తిప్పడం) గంటన్నరకు దిగింది కానీ, చిటికి కట్టడం, అంటే రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టడం, ఇంకా చేతి పనే.

సొసైటీ అంటే నేతగాళ్ల సహకార సంఘం. దాని సంగతి ఊరిని బట్టి ఉంటుంది. కొయ్యలగూడెం లాంటి చోట కాటన్ దుప్పట్లతో పేరు తెచ్చుకున్న సొసైటీ ఉంది. చాలాచోట్ల ఏళ్ల తరబడి ఎన్నికలు లేవు, సర్కారు కొంటే తప్ప సరుకు కదలదు. చేరేముందు ఇద్దరు సభ్యులను ఆఖరి కూలి ఎప్పుడు అందిందో అడగండి, చాలు.

ఇక సొంత వార్పు. నా మొగ్గు ఇటే. కారణం డబ్బు ఒక్కటే కాదు, గ్రాఫ్. ఇక్కత్‌లో డిజైన్ మగ్గం మీద పుట్టదు. ముందు గ్రాఫ్ కాగితం మీద గీస్తారు, దాని ప్రకారం నూలుకు చిటికి కట్టి రంగులద్దుతారు. మగ్గం దగ్గరికి వచ్చేసరికి చీర ఎలా ఉండాలో తేలిపోయి ఉంటుంది. ఎవరి గ్రాఫో వాళ్లదే చీర, నేసినవాడికి నేసిన కూలే. మాస్టర్ వీవర్ దగ్గర పదేళ్లు చేసినా కుర్రాడి చేతికి గ్రాఫ్ రాకపోవచ్చు, ఆయన ఎందుకిస్తాడు? నాకు తెలిసిన కుర్రాళ్లలో మగ్గం వదలకుండా నిలబడినవాళ్లు గ్రాఫ్ గీయడం, రంగులు కలపడం నేర్చుకున్నవాళ్లే. మిగతావాళ్లు కూలి లెక్క చూసుకున్నారు, సెక్యూరిటీ గార్డు జీతం దానికన్నా ఎక్కువని తేలగానే వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టలేం.

సొంతమంటే కష్టాలూ సొంతమే. ఒక వార్పులో చీరలన్నీ దాదాపు ఒకే డిజైన్, అది నచ్చకపోతే అన్నీ ఇంట్లోనే ఉంటాయి. పట్టు ధర పెరిగితే భరించాల్సింది మనమే. వాట్సాప్‌లో ఫొటో పెడితే మంచి డిజైన్ ఎవరైనా ప్రింటు కొట్టేస్తారు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లయినా ప్రింటు చీరను ఇక్కత్ అని అమ్మే షాపులకు కొదవ లేదు.

అందుకే ఉన్నపళంగా మాస్టర్ వీవర్‌ను వదిలేయమనను. ఇంట్లో రెండు మగ్గాలుంటే తండ్రి మగ్గం మీద కూలి వార్పు నడవనివ్వండి, కొడుకు మగ్గం మీద సొంత వార్పు వేయించండి. మొదటిది కాటన్‌దే వేయండి, పోయినా తట్టుకోగలం. ఒక్కటే మగ్గమైతే రెండు కూలి వార్పుల తర్వాత ఒకటి సొంతానికి. కొడుకు పేరు మీద మాత్రం అడ్వాన్సు తీసుకోవద్దు.

హ్యాండ్లూమ్ పార్కుల్లో నెలజీతం అంటారా? దొరికితే తీసుకోండి, నమ్ముకోవద్దు. వెంకటగిరి చేనేత ఇన్‌స్టిట్యూట్‌లో డిప్లొమా మంచి చదువే, కాకపోతే అది చదివినవాడు ఉద్యోగానికి పోతాడు.

ఏ దారి పట్టినా కుర్రాడి పేరు చేనేత జౌళి శాఖలో నమోదు చేయించండి. 2017లో మొదలైన నేతన్నకు చేయూత పొదుపు పథకంలో కార్మికుడు కూలిలో 8 శాతం దాస్తే తెలంగాణ సర్కారు 16 శాతం కలిపింది. అది సొసైటీ వాళ్లకే అనుకుని చాలామంది వదులుకున్నారు. జియోట్యాగ్ ఉన్న (ఎక్కడుందో సర్కారు లెక్కలో నమోదైన) మగ్గం మీద పనిచేసే సొసైటీ బయటివాళ్లకూ వర్తించింది.