ఫంక్షన్ హాల్‌కి రూఫ్‌టాప్ ఏసీ మేలా, డక్టబుల్ స్ప్లిట్ ఏసీ మేలా?

ముందుగాల నా లెక్క చెప్పేస్త. స్లాబ్ ఇంకా పొయ్యకపోతే రూఫ్‌టాప్ ప్యాకేజ్ యూనిట్, స్లాబ్ అయిపోయినా రేకుల షెడ్డు అయినా డక్టబుల్ స్ప్లిట్. మా బామ్మర్ది నల్గొండల దేవరకొండ రోడ్డు దిక్కు ఫంక్షన్ హాల్ కడుతుండు, 60కి 100 అడుగుల హాలు, 500 మంది కూసునేది, చేతుల ఏసీలకు రెండు కొటేషన్లున్నయి, రెండిట్ల కూడా కంపెనీ పేరు, టన్నులు, రేటు తప్ప మిద్దె గురించి ఒక్క ముక్క లేదు.

తెల్వనోళ్లకు చెప్తున్న, రూఫ్‌టాప్ అంటే గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్, వేడిని బయటికి వదిలే కండెన్సర్, గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్, గాలి కొట్టే బ్లోయర్ అన్నీ ఒక్క డబ్బాలనే ఉంటయి, ఆ డబ్బా మిద్దె మీద కూసుంటది, కిందికి చల్లగాలి తెచ్చే డక్టు (రేకు గొట్టం) ఒకటి, హాలు గాలిని వాపసు గుంజే రిటర్న్ డక్టు ఒకటి దిగుతయి. డక్టబుల్ స్ప్లిట్‌ల అయితే లోపలి యూనిట్ ఫాల్స్ సీలింగ్ పైన, బయటి యూనిట్ మిద్దె మీదనో బయట నేల మీదనో, నడుమ రాగి పైపులు.

టన్నులంటే బరువు కాదు, ఎంత చల్లబరుస్తదో ఆ లెక్క, అది రెండిటికీ ఒకటే. కూసున్న మనిషి ఒంట్లకెళ్లి 100 వాట్ల పైనే వేడి వస్తది, 500 మందికి 50 కిలోవాట్లు దాటె, ఒక టన్ను ఏసీ హాల్లకెళ్లి గుంజేసే వేడి 3.5 కిలోవాట్లు, అంటే ఉత్త మనుషులకే 15 టన్నులు పాయె. స్లాబ్ వేడి, వీడియోవాళ్ల లైట్లు, తెరిసే పెట్టిన తలుపులు, బయటి గాలి కలుపుకుంటే ఈ హాలుకు 40 టన్నుల దగ్గరికి పోతది. ఇంకోటి, డబ్బా మీద రాసిన టన్నులు బయట 35 డిగ్రీలున్నప్పటి లెక్క. మన దగ్గర మే నెలల 44, 45 మామూలే, స్లాబ్ మీద గాలి ఇంకా కాగుతది, అప్పుడు చల్లదనం తగ్గుతది, కరెంటు పెరుగుతది. అందుకే ఏది కొన్నా 46 డిగ్రీల కాడ ఎంత ఇస్తదో కాగితం మీద రాసియ్యమనున్రి, నోటిమాట నమ్మొద్దు.

ఇగ మిద్దె సంగతి, అసలు పంచాయితీ అంత ఇక్కడనే. 20 టన్నుల రూఫ్‌టాప్ వెయ్యి కిలోలకు అటుఇటు ఉంటది. మనుషులు తిరిగే మిద్దెకు ఐఎస్ 875 కోడ్ (కట్టడాల మీద పడే బరువులకు మన దేశపు ప్రమాణం) ప్రకారం లెక్కేసే బరువు చదరపు మీటర్‌కి 150 కిలోలే, పైగా డబ్బా బరువు మొత్తం పరుసుకోదు, అంచుల కింద, కాళ్ల కింద పడతది. ఉత్త స్లాబ్ మీద నాలుగు సిమెంట్ దిమ్మెలు పెట్టి కూసోబెట్టుడు కాదు, పిల్లర్ నుంచి పిల్లర్‌కి ఐ-బీములు వేసి వాటి మీద నిలబెట్టాలె, కింద రబ్బర్ ప్యాడ్లో స్ప్రింగులో ఉండాలె, లేకపోతే మంత్రాలు సదివేటప్పుడు పైన గుయ్యిమని వినబడతది. స్లాబ్ పొయ్యకముందే చెప్తే ఇంజనీరు పిల్లర్ రాడ్లు పైకి వదుల్తడు, డక్టు దిగే కాడ పెట్టె కట్టి సుట్టూ ఎక్కువ రాడ్లు వేస్తడు, గచ్చు లేపి అంచు కడితే వాన నీళ్లు లోపలికి దిగవు. అదే పోసినంక అయితే బ్రేకర్ పెట్టి కొట్టాలె, రాడ్లు తెగుతయి, ఏ వానాకాలంల అయినా ఆ బొక్క కాడనే కారుతది. రేకుల షెడ్డు మీదైతే అసలు ఆలోచనే వద్దు, పర్లిన్లు, అంటే రేకు కింది సన్న ఇనుప దూలాలు, రేకు మోస్తందుకే ఉన్నయి.

డక్టబుల్ స్ప్లిట్‌కి ఈ బాధ తక్కువ. 10 టన్నులవి నాలుగు పెడితే బయటి యూనిట్లు విడివిడిగ ఉంటయి కాబట్టి బరువు పంచుకపోతది, క్రేన్ లేకుండ తాళ్లేసి మనుషులే ఎక్కించొచ్చు. రూఫ్‌టాప్‌కి హైడ్రా క్రేన్ రావాలె, సందుల ఉన్న హాలయితే క్రేనే తిరగదు, పైన కరెంటు తీగలుంటే ఇంకో లొల్లి, రేపు డబ్బా మార్చాలన్నా మళ్లా అదే క్రేన్.

మరి రూఫ్‌టాప్ ఎందుకు మంచిదంటున్న అంటే, గ్యాస్ కంపెనీలనే నింపి సీల్ చేసి పంపుతరు, సైట్ల వెల్డింగ్ ఉండదు. స్ప్లిట్‌ల పైపు ఎంత పొడుగుంటే చల్లదనం అంత తగ్గుతది, ప్రతి జాయింటూ రేపటి లీకే, నైట్రోజన్ వదలకుండ వెల్డింగ్ కొడితే పైపు లోపల మసి పడుతది, ఆ మసి పొయ్యి వాల్వ్‌ల ఇరుక్కుంటది, వాక్యూమ్ (పైపులల్ల గాలి, తడి మొత్తం గుంజేసుడు) అర్ధగంట కూడా కొట్టకుండనే గ్యాస్ వదిలేటోళ్లు మస్తు మంది. ఇగ కోతులు. మిద్దె మీద పైపులకు సుట్టిన నల్ల నైట్రైల్ రబ్బర్ తొడుగుని పేగులు తీసినట్టు పీకి పారేస్తయి, అల్యూమినియం రేకు తొడిగించకపోతే ఒక్క ఎండాకాలం ఆగదు. రూఫ్‌టాప్‌ది ఒక్క డబ్బానే కాబట్టి బయట డక్టుకు రేకు తొడిగిస్తే సరిపాయె.

ఇంకోటి బయటి గాలి. రూఫ్‌టాప్‌ల డ్యాంపర్ (గాలికి తెరిసి మూసే రెక్కల తలుపు) పెట్టించుకోవచ్చు, కొత్త గాలి ఎంత కావాల్నో అంత కలుపుతది, స్ప్లిట్ లోపలి గాలినే తిప్పితిప్పి కొడుతది, బిర్యానీ వాసన, 500 మంది ఊపిరి అండ్లనే, దానికి వేరే ఫ్యాన్ పెట్టుకోవాలె. ఎకనమైజర్, అంటే బయట సల్లగున్నప్పుడు ఆ గాలినే వాడుకునే ఏర్పాటు, ఉన్న డబ్బా అయితే డిసెంబర్ రాత్రి పెండ్లికి కంప్రెసర్ నడపకుండనే బయటి సల్లగాలితోటి హాలు సల్లబరుస్తది. హీటింగ్ కూడా ఉంటది అని ఎక్కువ పైసలు అడిగితే మాత్రం వద్దనున్రి, మన దిక్కు హాల్ నిండితే జనమే హీటర్. పాలమూరు దిక్కు లాడ్జి కట్టేటోళ్లయితే అది వేరే లెక్క, రూములు ఎక్కువ, నిండేది కొన్ని, అక్కడ వీఆర్‌ఎఫ్ పనికొస్తది, అంటే బయటి యూనిట్ ఒకటి, రూముకో లోపలి యూనిట్, కావాల్సినంతనే నడుస్తది. డక్ట్ కూలర్ (తడి ప్యాడ్ మీదికెళ్లి గాలిని డక్టుల పంపే పెద్ద కూలర్) అంటరా, ఏప్రిల్ల బ్రహ్మాండం, జులైల ఉక్కపోత. మన బోరు నీళ్లల ఫ్లోరైడ్ సంగతి లోకమంత ఎరుకనే గాని కూలర్ ప్యాడ్‌ని సంపేది నీళ్ల కాఠిన్యం, తెల్లగ గట్టిపడి పూస్తది.

చిన్న పని ఒకటి, ఎవరూ పట్టించుకోరు. గాలి తోవల కాయిల్ ముందు, బ్లోయర్ వెనుక ఉన్న డబ్బాల బ్లోయర్ గాలిని లోపలికి గుంజుతది, నీళ్లు పోయే డ్రెయిన్ పైపు వంపు లేకుండ నేరుగ పెడితే బయటి గాలి అండ్లకెళ్లే లోపలికి వస్తది, ట్రేల నీళ్లు బయటికి పోవు, నిండి పొంగి డక్టుల పడి సీలింగ్ మీద మరక పడతది. యు-బెండ్ పెట్టి, స్టార్ట్ చేసే ముందు అండ్ల నీళ్లు పొయ్యాలె. మిర్యాలగూడల రైస్ మిల్లుల పక్కన పెట్టేటోళ్లు కండెన్సర్ ఏ దిక్కు మొఖం పెట్టాల్నో గాలి చూసి పెట్టున్రి, పొట్టు పట్టిందంటే ఎంత పెద్ద మెషినైనా ట్రిప్ అయితది.

ఏది తీసుకున్నా ఒక్కటే 40 టన్నులది వద్దు. రూఫ్‌టాప్ అయితే 20వి రెండు, స్ప్లిట్ అయితే 10వి నాలుగు, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఒకటి ఆగితే మిగతాది నడుస్తది, జనరేటర్ మీద కూడా ఒకటెనుక ఒకటి స్టార్ట్ చెయ్యొచ్చు. మెకానిక్‌ల సంగతికొస్తే స్ప్లిట్ ముట్టేటోళ్లు నల్గొండల సులువుగ దొరుకుతరు, రూఫ్‌టాప్ కంట్రోల్ బోర్డు పోతే హైదరాబాద్ దాకా పోవాల్సి రావొచ్చు, ఈ ఒక్కదాంట్ల స్ప్లిట్‌దే పైచెయ్యి.

ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కెళ్లి 18కి దిగింది, పాత కొటేషన్ల 28 ఉంటే మార్పించుకోన్రి. హైడ్రా క్రేన్ కిరాయి, ఐ-బీములు, డక్టు క్లాడింగ్ (మీద తొడిగే రేకు), ఈ మూడు ఎవరి ఖాతాల పడతయో సంతకం పెట్టే ముందే రాపించుకోన్రి, పని నడుమ కొట్లాట వచ్చేది వీటి కాడనే.